గింజ పట్టని తంగేడు

బొగ్గుబావిలో పనిచేసినవాడు జ్ఞాపకాలు రాస్తున్నాడంటే, కప్పు కూలిన రోజు గురించో సమ్మె గురించో రాస్తాడని అందరూ అనుకుంటారు. అవి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు, నాకంటే బాగా రాస్తారు. నేను రాయబోయేది ఒక తంగేడు చెట్టు గురించి. దాన్ని చూసినవాళ్ళం పదిమందికి మించి లేము. అది ఎందుకట్లా పూసిందో తెలుసుకున్నవాళ్ళం ఇంకా తక్కువ. ఆ చెట్టు ఇప్పుడు లేదు. కానీ దాని జాడ మన బొగ్గు ప్రాంతంలో ఎక్కడో ఒకచోట మట్టిలో ఉండే ఉంటుందని నా నమ్మకం. అది మీలో ఎవరి కంటైనా పడితే ఏం చేయాలో, ముఖ్యంగా ఏం చేయకూడదో తెలిసి ఉండాలి. చేయకూడనిది నేను చేశాను కాబట్టి చెప్పే హక్కు నాకుంది.

గోదావరిఖనిలో పదిహేనేళ్ళు తట్టా చెమ్మాస్‌తో, అంటే గంపా పారతో, బొగ్గు నింపాను. ఒకరోజు పైనుంచి ఊడిన బండ నా ఎడమ పాదాన్ని నలిపేసింది. దవాఖానలో నాలుగు నెలలున్నాను. కిందికి దిగడానికి పనికిరాడని రాసి, నన్ను కంపెనీ నర్సరీకి వేశారు. భూమి లోపల పనిచేసిన మనిషిని మొక్కల దగ్గరికి పంపితే శిక్షలాగే ఉంటుంది. మొదటి నెల ఎండ చూస్తే కళ్ళు మండేవి. షిఫ్టు సైరన్ వినపడగానే కాళ్ళు వాటంతటవే బావి దారి పట్టేవి.

ఆ రోజుల్లోనే లైబ్రరీ అలవాటైంది. నేను పదో తరగతి తప్పినవాణ్ణి. మొదట పేపరు చదవడానికి పోయాను. తర్వాత కథలు, ఆ తర్వాత నర్సరీ పని అర్థం చేసుకుందామని ఇంటర్మీడియట్ వృక్షశాస్త్రం. లైబ్రరీ సార్ నా ముందర పుస్తకం పెట్టి, "అర్థం గాకుంటే మళ్ళ సదువు, ఇక్కడ ఎవడూ పరీక్ష పెట్టడు" అనేవాడు. పరీక్ష లేని చదువు ఎంత తీపో, ఎంత ప్రమాదమో నాకు ఆ పుస్తకాలతోనే తెలిసింది. తప్పు చదివినా దిద్దేవాళ్ళుండరు.

నర్సరీలో మా పని ఇది. ఓపెన్‌కాస్టులో బొగ్గు మీదున్న మట్టినీ రాళ్ళనూ డంపర్లు తెచ్చి ఒకచోట పోస్తాయి. అలా పోయగా పోయగా అవి గుట్టలవుతాయి. వాటి మీద ఏదో ఒకటి మొలిపించాలి. కానుగ, సుబాబుల్ కవర్లలో పెంచి నాటేవాళ్ళం. తంగేడు, వాయిలి లాంటివి గింజలు ఏరి, సంచుల్లో దాచి, తొలకరికి ముందు చల్లేవాళ్ళం. ఈ గింజల పని అంతా ఒక అక్క చేతిలో ఉండేది. ఆమె కాంట్రాక్టు కూలీ, నాకంటే పదేళ్ళు పెద్దది. ఇప్పుడు ఓపెన్‌కాస్టు గొయ్యి ఉన్న చోటే ఆమె ఊరుండేది. ఊరు ఖాళీ చేసేటప్పుడు అందరూ తలుపులూ దూలాలూ బండ్లకెత్తుకుంటే, ఈమె తమ పొలం గట్టు మీది తంగేడు కాయలు కొంగుకు కట్టుకొని వచ్చింది. నర్సరీలో పని దొరకగానే వాటిని ఒక పాత గుట్ట అంచున వరుసగా పెట్టింది. ఎందుకు తెచ్చావని ఒకసారి అడిగాను.

"ఇల్లు దెచ్చుకుంటందుకు రాలె గదరా తమ్మీ. గింజలైతే అల్కగుంటయ్" అంది.

ఆ వరుసలో తొమ్మిది చెట్లు బతికాయి. ఒక ఏడు బతుకమ్మ నెలలో వాటిలో ఎనిమిది మామూలుగా పూశాయి. తొమ్మిదోది వేరేగా పూసింది.

మామూలు తంగేడు పువ్వు మీకు తెలిసిందే. ఐదు పసుపు రేకులు, అంచులు కొంచెం ముడతలు, నడుమ పది కేసరాలు, వాటిలో మూడు వంకర తిరిగి పొడుగ్గా ఉంటాయి. ఈ చెట్టు పువ్వుకు రేకులు లెక్కపెట్టడం మొదలుపెడితే పద్దెనిమిది తేలాయి. ఇంకో పువ్వుకు ఇరవై రెండు. బయటి ఐదూ వెడల్పుగా, మామూలుగానే ఉన్నాయి. లోపలికి పోయేకొద్దీ రేకు సన్నబడి, అంచు చుట్టుకుపోయి, చిన్న గరిటెలా అయింది. కొన్ని రేకుల కొసన గోధుమరంగు బుడిపె ఉంది. కేసరం కాబోయి, మధ్యలో మనసు మార్చుకొని రేకైపోయినట్టు! కేసరం మాత్రం ఒక్కటి కూడా లేదు.

పుస్తకంలో చదివిన ఉత్పరివర్తనం నా కళ్ళముందు, మట్టి గుట్ట మీద, పసుపుపచ్చగా ఊగుతోంది. జన్యువులో ఎక్కడో చిన్న మార్పు వస్తుంది, అది తరువాతి తరాలకు పోతుంది, దాంతో పువ్వు ఆకారమే మారిపోతుంది. ఇదంతా ఎక్కడో ఇంగ్లాండు తోటల్లో జరుగుతుందనుకున్నాను. మన దగ్గర, మన తంగేడుకు!

నీళ్ళ ట్యాంకర్ నడిపే భాయ్‌కి చూపించాను. అతను పువ్వును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంది సైంటిస్ట్ సాబ్, దీనికి గిట్ల ప్రమోషన్ వచ్చిందా? మనకు ఇంక్రిమెంట్ లేదు గానీ, దీనికి రేకులు పెరిగినయ్!"

"నవ్వకు భాయ్. దీని గింజలతోని ఇంకా చెట్లు జేస్తే అందరికీ చూపియ్యొచ్చు."

"జెయ్యి జెయ్యి. నీళ్ళ ఫికర్ జెయ్యకు, రోజొక డ్రమ్ము నేను పోస్త."

మాట ప్రకారం పోశాడు కూడా. కానీ ఆ చలికాలం ఎనిమిది చెట్లకూ చదునైన కాయలు గుత్తులుగా వేలాడితే, నా చెట్టుకు ఒక్క కాయ పట్టలేదు. కొమ్మలు కోసి కవర్లలో నాటాను, అన్నీ ఎండిపోయాయి. మళ్ళీ లైబ్రరీకి పోయాను. అనువంశికత పాఠం నాలుగుసార్లు చదివాను. శుద్ధమైన రకం నిలబెట్టాలంటే వేరే చెట్ల పుప్పొడి తగలనివ్వకూడదని ఒకచోట ఉంది. అంతే, నాకు దారి దొరికిందనిపించింది. పక్కనున్న మామూలు చెట్లు దీన్ని పాడుచేస్తున్నాయి, వేర్ల దగ్గర బలం కూడా అవే గుంజుకుంటున్నాయి అని తీర్మానించాను. మరి కేసరమే లేని పువ్వు సొంత పుప్పొడి ఎక్కడి నుంచి తెచ్చుకుంటుందని నాకు తట్టలేదు. చదివిన వాక్యం దొరికిన సంతోషంలో, కళ్ళముందున్న పువ్వును మరిచిపోయాను.

వానలు పడగానే గొడ్డలి తీసుకొని ఎనిమిదింటినీ మొదలంటా నరికి, మొదళ్ళు పారతో పెకిలించాను. అక్క గంప పట్టుకొని వచ్చి నిలబడింది.

"ఏందిరా గట్ల నరుకుతున్నవ్? మంచిగున్న చెట్లు గదా!"

"నీకు తెల్వదక్కా. ఇది సైన్సు."

పడిపోయిన కొమ్మలు మేకలకు పనికొస్తాయని ఏరుకుపోయింది. ఆ ముఖంలో ఏముందో చూసే ఓపిక నాకు లేదు. అవి ఆమె ఊరి గట్టు మీది చెట్లని ఆ నిమిషం నాకు గుర్తే రాలేదు.

భాద్రపదం చివర్లో నా చెట్టు నిండా మొగ్గలొచ్చాయి. ఎవరూ ముట్టకూడదని కొమ్మకు ఎర్రగుడ్డ కట్టాను. గనిలో ఎర్రగుడ్డ అంటే ఆగు, ముందుకు రావద్దు అని అర్థం. పదిహేనేళ్ళు ఆ భాషలో బతికినవాణ్ణి, లోకమంతా అదే చదువుతుందనుకున్నాను.

అప్పుడే సమ్మె మొదలైంది. రాష్ట్రం కోసం అందరూ పని ఆపేసిన సమ్మె. గనుల మీద చక్రాలు ఆగాయి, డంపర్లు నిలబడ్డాయి. ఖని ఆకాశం అంత తేటగా ఉండడం నేను ఎన్నడూ చూడలేదు. నేను కూడా రోజూ సమ్మె టెంటులోనే కూర్చున్నాను. నినాదాలిస్తున్నా మనసు గుట్ట అంచునే ఉండేది. మామూలు రోజుల్లో గుట్ట మీదికి బయటివాళ్ళను రానివ్వరు. ఇప్పుడు డంపర్ల భయం లేదు, ఆపేవాళ్ళు లేరు. ఆ ఏడు బతుకమ్మ ఉత్త పండుగ కాదు, ప్రతి చౌరస్తాలో ఆడుతున్నారు, ఎంత పెద్దది పేరిస్తే అంత గెలిచినట్టు. పూల కోసం ఆడవాళ్ళు ఎక్కడికైనా పోతారని నాకు తట్టి ఉండాల్సింది.

సద్దుల బతుకమ్మ నాడు పొద్దున టెంటు నుంచి జారుకొని గుట్టెక్కాను. చెట్టు నిలబడే ఉంది. ఒక్క పువ్వు లేదు, ఒక్క మొగ్గ లేదు. ఆకులు మాత్రం చెదరలేదు, ఎంతో జాగ్రత్తగా తెంపారు. ఎర్రగుడ్డ మీద ఎవరో పసుపూ కుంకుమా పెట్టారు.

కుంటుకుంటూ కాలనీకి పరుగెత్తాను. క్వార్టర్ల ముందు నీడలో అయిదారుగురు ఆడవాళ్ళు తాంబాళంలో గునుగూ తంగేడూ పేరుస్తున్నారు. మధ్యలో అక్క కూర్చుంది. ఆమె బతుకమ్మ మీది వరుస మొత్తం నా చెట్టు పూలే.

"ఎవలు దెంపమన్నరు నిన్ను? ఎర్రగుడ్డ కనవడలేదా?" అని అరిచాను.

అక్క తలెత్తి చూసింది. "కనవడ్డది గదరా. గుడ్డ గట్టినవని చూసే, అమ్మకు మొక్కి దాసిపెట్టినవనుకున్న. మా అవ్వ గూడ గట్లనే గడ్తుండె."

"మొక్కుడు గాదు! గింజల కోసం దాసిన. మీకేం తెలుసు? సదువు లేని మంద! చేతికి దొరికింది తెంపుడొక్కటే తెలుసు మీకు!"

పక్కనున్నావిడ లేచింది. "ఏయ్, నోరు మంచిగ రానీ. రెండు బుక్కులు సదివి కలెక్టర్‌వైనవా?"

అక్క ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. తర్వాత బతుకమ్మ పైనున్న ఒక పువ్వును వేళ్ళతో మెల్లగా తీసి నా ముందుకు చాపింది. "ఇగో, ఒక్కటి నీకు. గంత గోస పడకు." ఆమె గొంతులో కోపం లేదు. అదుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ పువ్వును అరచేతిలో పట్టుకొని ఇంటికి పోయి, ఒక పాత రిజిస్టరు కాగితాల మధ్య పెట్టాను. సాయంత్రం ఆడవాళ్ళు పాడుకుంటూ గోదారికి పోతుంటే నేను తలుపు వేసుకొని పడుకున్నాను.

మూడో రోజు లైబ్రరీ సార్ నా కథ విని, మంచిర్యాల కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే ఒక మేడమ్‌కు చీటీ రాసిచ్చాడు. బస్సులు బంద్. ట్యాంకర్ భాయ్ తన బజాజ్ మీద గోదావరి వంతెన దాటించి తీసుకుపోయాడు. దారంతా "పువ్వు జాగ్రత్త సాబ్, మనం పడినా పర్వాలేదు" అంటూ నవ్వించబోయాడు. నాకు నవ్వు రాలేదు.

కాలేజీ కూడా బందే. మేడమ్ ఇంట్లోనే చూసింది. కిటికీ దగ్గర బల్ల మీద తెల్లకాగితం పరిచి, వాడిన పువ్వు మీద నీటి చుక్కలు వేసి, సూదితో ఒక్కో రేకూ విప్పింది. చివరికి నడిమధ్యకు చేరి, "దగ్గరికొచ్చి చూడండి. కాయ కావాల్సిన అండాశయం ఉండాల్సిన చోట ఏముంది?" అంది.

అక్కడ ఆవగింజంత ఇంకో మొగ్గ ఉంది. పువ్వు లోపల పువ్వు.

ఆమె చెప్పింది నాకు అక్షరం అక్షరం గుర్తుంది. మొగ్గ తయారయ్యేటప్పుడు రేకుల వరుస ఎక్కడ ఆగాలి, కేసరం ఎక్కడ మొదలవ్వాలి, నడుమ అండాశయం ఎట్లా రావాలి అని నిర్ణయించే జన్యువులు ఉంటాయి. వాటిలో ఒకటి చెడిపోతే, కేసరాలు రావాల్సిన చోట రేకులే వస్తాయి, కాయ రావాల్సిన చోట మళ్ళీ పువ్వే మొదలవుతుంది. ఆపేవాళ్ళుండరు. నాకు వెంటనే, బావిలో పని పురమాయించే సర్దార్ రాని షిఫ్టు గుర్తొచ్చింది. ఎక్కడ ఆగాలో చెప్పే మనిషి లేకపోతే చేతిలో ఉన్న పనే చేసుకుంటూ పోతాం.

"అయితే దీనికి గింజ..."

"పట్టదండీ. మీరు ఎంత కాపలా కాసినా పట్టదు. ఆ ఆడవాళ్ళు తెంపకపోయినా రాలిపోయేవే."

ఆమే మళ్ళీ చెప్పింది. "ఇలాంటివి తరచుగా అంతర్గతంగా ఉండే లక్షణాలు. అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే బయటపడుతుంది. ఒకవైపు నుంచే వస్తే చెట్టు మామూలుగా పూస్తుంది, మామూలుగా కాస్తుంది, లోపల మాత్రం దాన్ని మోస్తుంది. దీనితోపాటు ఒకే తల్లి గింజల నుంచి మొలిచిన చెట్లు దగ్గర్లో ఉన్నాయా? వాటిలో దాదాపు మూడింట రెండు దీన్ని మోస్తుంటాయి. వాటి గింజలు వేస్తే మళ్ళీ రావచ్చు."

ఎనిమిది చెట్లు. నా గొడ్డలి. మేకలకు పోయిన కొమ్మలు.

మేడమ్ నా ముఖం చూసి చాయ్ తెచ్చి పెట్టింది. తిరుగు దారిలో వంతెన మీద భాయ్ బండి ఆపాడు. కింద నీళ్ళ అంచున కొట్టుకొచ్చిన గునుగు పూలు తేలుతున్నాయి.

"ఏమైంది సాబ్?"

"కావలి కాయాల్సిన చెట్లను నరికిన భాయ్. నరికినా పర్వాలేని చెట్టుకు కావలి కాసిన."

అతను ఆ రోజు మొదటిసారి జోకు వేయలేదు.

సమ్మె ఆగి డ్యూటీకి ఎక్కిన రోజు, అక్క కవర్లలో మట్టి నింపుతుంటే పోయి పక్కన కూర్చున్నాను. నేనూ రెండు కవర్లు నింపాను.

"అక్కా, తప్పయింది."

"యాడాదికొక్కసారి తిడ్తె ఏంగాదు తియ్."

"మంద అన్న గదా, గది..."

"మందనే గదరా. మంద లేకుంటె బతుకమ్మ ఎట్ల ఆడ్తరు?" అని నవ్వి, తర్వాత చేతులు దులుపుకుంది. "ఒక్క మాట అడుగుత. గా పువ్వు గురించి ఊరందర్ని అడిగినవ్. నన్నెందుకు అడగలె?"

"నీకు తెలుసా?"

"తెల్వకేంది? మా ఊళ్ళె గౌరమ్మ తంగేడనేటోళ్ళు. మా గట్టు మీది తంగేళ్ళ గింజ మొలిస్తె, ఎన్నేండ్లకో ఒక్కటి గట్ల పూసేది. కాయ కాయదు. అందుకే అది అమ్మదని పూలన్నీ తెంపి బతుకమ్మ మీద పెడుతుండె. పక్క చెట్లను మాత్రం మా అవ్వ ముట్టనియ్యకపోయేది. వాటి కడుపుల ఉన్నదనేది."

మేడమ్ చెప్పిన పాఠమంతా ఆ నాలుగు ముక్కల్లో ఉంది. నేను లైబ్రరీలో వెతికాను, మంచిర్యాల పోయాను. రోజూ నా పక్కన కూర్చొని అన్నం తినే మనిషిని అడగలేదు. పుస్తకం మీద నాకు ఇప్పటికీ గౌరవం తగ్గలేదు. పుస్తకం అబద్ధం చెప్పలేదు. సగం చదివి లేచిపోయింది నేనే.

"మరి నరుకుతుంటె ఎందుకు ఆపలేదక్కా?"

"సైన్సన్నవ్ గదరా. నాకు తెల్వని సంగతేదో నీకెరుకైందనుకున్న."

ఆ తర్వాత కొన్నాళ్ళకే ఆ గుట్టను ఇంకా పెంచాలని నిర్ణయమైంది. మళ్ళీ డంపర్లు ఎక్కడం మొదలుపెట్టాయి. తంగేడును తవ్వి వేరేచోట పెడితే బతకదని మాకందరికీ తెలుసు. అయినా ఒక పొద్దున అక్కా నేనూ భాయ్ కలిసి తవ్వాం. నిలువు వేరు కిందికి పోతూనే ఉంది, బండల సందులో ఎక్కడో తెగింది. నర్సరీలో నాటాం. పది రోజులు ఆకులు నిలిచాయి. పదకొండో రోజు ముట్టుకుంటే రాలాయి.

ఆ రోజు అక్క ఎండిన కొమ్మను విరుస్తూ, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

"తమ్మీ, పోయిన చలికాలం ఆ ఎనిమిది చెట్ల కాయలు నేను దెంపిన గదా!"

"దెంపి?"

"అన్నిట్లతోని కలిపి గోనెసంచిల వోసిన. తొలకరికి జల్లిపిచ్చినం."

"ఏ గుట్ట మీద?"

ఆమె వేళ్ళు లెక్కపెట్టింది. మా వైపు మూడు గుట్టలు. రెండు సంచులు శ్రీరాంపూర్ దిక్కు పోయాయి. ఏ సంచిలో అవి కలిశాయో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. గింజల మీద పేర్లు రాసి ఉండవు కదా.

రాష్ట్రం వచ్చింది. తంగేడు రాష్ట్ర పువ్వయిందని లైబ్రరీలో పేపరు చదువుతుంటే, బొమ్మలోని పువ్వుకు రేకులు లెక్కపెట్టుకున్నాను. ఐదే. పక్కన కూర్చున్నతను నా కళ్ళు చూసి, రాష్ట్రం వచ్చిన సంతోషమనుకొని భుజం తట్టాడు. అది కూడా అబద్ధం కాదు.

రిటైరైన తర్వాత ఏటా బతుకమ్మకు ముందు ఆ గుట్టలెక్కుతున్నాను. ఇప్పుడవి పచ్చగా, పుట్టుకతోనే గుట్టలన్నట్టుగా ఉన్నాయి. కాపలావాళ్ళు ముందు తిట్టేవాళ్ళు, ఇప్పుడు "పోయిరా కాకా, జల్ది దిగు" అంటున్నారు. పాదం సలుపుతుంది. పసుపు కనిపించిన చోటల్లా వంగి లెక్కపెడతాను. ఐదు, ఐదు, ఐదు. దొరకలేదని దిగులు పడతాను కానీ, ఆ ఐదు రేకుల చెట్లలో ఏది లోపల దాన్ని మోస్తోందో అనుకుంటూ, ఒక్కో చెట్టునూ చేత్తో నిమిరి వస్తాను.

ఈ కథలోని వాళ్ళెవరికీ తమ పేర్లు రాయడం ఇష్టం లేదు. మేం పిలుచుకున్న పిలుపులే వాళ్ళ పేర్లుగా ఇక్కడ చెప్పుకుంటాను. పరీక్ష లేని చదువు చెప్పిన లైబ్రరీ సార్‌కు, రోజొక డ్రమ్ము నీళ్ళు పోసి, వంతెన మీద బండి ఆపి నాతోపాటు నిలబడ్డ ట్యాంకర్ భాయ్‌కు, వాడిన పువ్వును కూడా ఓపికగా విప్పిన మంచిర్యాల మేడమ్‌కు, నన్ను కలెక్టర్‌వైనవా అని అడిగిన పక్క క్వార్టర్ అక్కకు దండాలు. అందరికంటే ఎక్కువగా గింజలక్కకు. ఆమె ఇప్పుడు ఊరు పోయినవాళ్ళకిచ్చిన కాలనీలో ఉంటోంది. చూపు తగ్గింది. నేను పోయిన ప్రతిసారీ గొంతు గుర్తుపట్టి ముందుగా అదే అడుగుతుంది.

"దొరికిందారా?"

"లేదక్కా."

"దొరికితె జెప్పు. ఈసారి నిన్ను అడిగే తెంపుత."

అడగక్కర్లేదక్కా. దొరికిన రోజు ఒక్క మొగ్గ మిగలకుండా నేనే తెంపి నీ తాంబాళంలో పోస్తాను. పక్కనున్న మామూలు చెట్ల జోలికి మాత్రం ఎవరినీ పోనివ్వను.